బీబీసీ మిలిటరీ బ్యాండ్ మూతపడింది, మరి దాని కాగితాలు ఎవరివి?

2023 మార్చిలో బీబీసీ తన గాయక బృందం బీబీసీ సింగర్స్‌ని మూసేస్తామని ప్రకటించింది. గొడవ గొడవ అయింది, నెల తిరక్కుండానే ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టారు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా చర్చంతా జీతాలు, ఉద్యోగాలు, డబ్బు మిగులుతుందా లేదా అన్నదాని చుట్టూనే తిరుగుతుంది, అది సహజమే. ఒక వాద్యబృందం మూతపడితే అది వాయించిన సంగీతం తాలూకు కాగితాలు ఏమవుతాయి, వాటిని రేపు ఇంకెవరైనా తీసి వాయించుకోవచ్చా అన్నది మాత్రం ఎవరికీ పట్టదు, పట్టినా జవాబు తేలిగ్గా దొరకదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి బీబీసీలోనే మంచి పాత కేసు ఒకటుంది. వైర్‌లెస్ మిలిటరీ బ్యాండ్ అని వాళ్ళకి ఒక బ్యాండ్ ఉండేది. 1920లలో మొదలై 1943లో ఆగిపోయింది. బ్యాండ్ పోయింది కానీ దాని కోసం రాయించిన హామర్‌స్మిత్ అనే రచన ఇవాళ ప్రపంచంలో ఏ మంచి విండ్ బ్యాండ్‌ని (గాలి, ఇత్తడి వాద్యాల బృందాన్ని) అడిగినా తెలుసు. మధ్యలో ఇరవై ఏళ్ళకు పైగా ఆ రచన సంగతే చాలామందికి తెలియదు. ఎందుకలా జరిగిందో చూడాలంటే ముందు కొన్ని మాటల అర్థాలు తేల్చుకోవాలి.

మిలిటరీ బ్యాండ్ అంటే సైనికులు వాయించేదే కానక్కర్లేదు

బ్రిటన్‌లో మిలిటరీ బ్యాండ్ అనే మాట వాద్యాల కూర్పును బట్టి వచ్చింది. ఫ్లూట్, క్లారినెట్, ఓబో, బసూన్ లాంటి గాలి వాద్యాలు, వాటితో పాటు కార్నెట్, హార్న్, ట్రాంబోన్, ట్యూబా లాంటి ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, ఇవన్నీ కలిస్తే మిలిటరీ బ్యాండ్. అచ్చంగా ఇత్తడివే, పక్కన డ్రమ్ములు ఉంటే అది బ్రాస్ బ్యాండ్. ఈ రెండింటికీ రాసే సంగీతం వేరు, వాయించే జనం వేరు, పోటీలు వేరు. బీబీసీ బ్యాండ్ వాళ్ళు సైన్యంలో లేరు, జీతం తీసుకుని స్టూడియోలో కూర్చుని వాయించే మామూలు వృత్తి కళాకారులు. మన దగ్గర పెళ్ళిళ్ళలో వాయించే బ్యాండ్ మేళంలో కనిపించే క్లారినెట్, ట్రంపెట్, యూఫోనియం కూడా తెల్లవాళ్ళ పటాలాల బ్యాండ్ల నుంచి వచ్చినవే కాబట్టి వాద్యాలు మనకి కొత్తేమీ కాదు. కాగితం చూసి వాయించడం అనే పద్ధతే కొంచెం కొత్త.

ఆ కాగితం ఎంత ముఖ్యమో చెప్పడానికి బ్రిటిష్ బ్యాండ్ల వాళ్ళందరూ చెప్పుకునే కథ ఒకటుంది. 1854లో క్రిమియా యుద్ధం రోజుల్లో ఇప్పటి ఇస్తాంబుల్ పక్కన స్కుటారిలో రాణి పుట్టినరోజు కవాతు జరిగిందట, అన్ని రెజిమెంట్ల బ్యాండ్లూ కలిసి జాతీయగీతం ఎత్తుకున్నాయట. పాట అందరికీ వచ్చిందే, కానీ ఒక్కో బ్యాండ్ దగ్గర ఒక్కో రకం అరేంజ్‌మెంట్ (ఏ వాద్యం ఏం వాయించాలో పంచే రాత), ఒక్కో శ్రుతి. వినలేకపోయారట. కథలో ఎంత పాలు నిజమో గానీ, అప్పటి పరిస్థితి మాత్రం అదే, ఎవరి బ్యాండ్ మాస్టర్ రాసుకున్న కాగితాలు వాళ్ళవి. 1857లో లండన్ శివార్లలోని నెల్లర్ హాల్‌లో సైనిక సంగీత పాఠశాల పెట్టడానికి ఈ గందరగోళం ఒక కారణం. ఆ భవనంలో ఆ బడి 2021 దాకా నడిచింది.

మద్రాసులో పుట్టిన కండక్టర్

బీబీసీ 1922లో ఒక కంపెనీగా పుట్టి 1927 జనవరి 1న కార్పొరేషన్‌గా మారింది. అదే ఏడాది మిలిటరీ బ్యాండ్‌ను బెర్ట్రమ్ వాల్టన్ ఓడానల్ చేతిలో పెట్టారు, అంటే బ్యాండ్ ముందు నిలబడి వాయింపు నడిపించే కండక్టర్ ఆయనే. అంతకుముందు ఆయన రాయల్ మెరీన్స్‌లో సంగీత దర్శకుడు. 1887లో మన మద్రాసులో పుట్టాడు, ఇది చాలామందికి తెలియని సంగతి. ఆయన అన్న పెర్సీ, తమ్ముడు రుడాల్ఫ్ కూడా బ్యాండ్ల వాళ్ళే. ఈ ముగ్గురు అన్నదమ్ముల పేర్లు గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడతాయి.

వాల్టన్ ఓడానల్ సొంతంగా కూడా రాసేవాడు, ఐర్లండ్ పాటల బాణీలతో బ్యాండ్‌కి రాసినవి ఇప్పటికీ వాయిస్తుంటారు. పదేళ్ళు బీబీసీ బ్యాండ్‌ని నడిపి 1937లో బెల్‌ఫాస్ట్‌కి వెళ్ళిపోయాడు, 1939లో చనిపోయాడు. ఆయన స్థానంలోకి అన్న పెర్సీ వచ్చి చివరిదాకా నడిపాడు.

రేడియో బ్యాండ్‌కి ఒక ప్రత్యేకమైన ఆకలి ఉంటుంది. పార్కులో వాయించే బ్యాండ్ అవే పది మార్చ్‌లు (కవాతు బాణీలు) ప్రతి ఆదివారం వాయించినా ఎవరూ ఏమీ అనరు, రేడియోలో అలా కుదరదు. ఎప్పటికప్పుడు కొత్తది కావాలి, మార్చ్‌లు అయిపోతే ఒపేరాల నుంచి, సింఫనీల నుంచి, జర్మన్ స్వరకర్త బాఖ్ దగ్గర నుంచి తెచ్చి బ్యాండ్‌కి తిరగరాయాలి. బజారులో అచ్చు దొరకనివి చేత్తో రాయించుకోవాలి. అంటే రేడియో బ్యాండ్ అల్మారాలో మూడు రకాలు కలిసి ఉంటాయి: కొన్న అచ్చు ప్రతులు, పబ్లిషర్ దగ్గర అద్దెకి తెచ్చినవి, ఇంట్లోనే చేత్తో రాసినవి. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకేలాంటి కాగితాల కట్టలే, తర్వాత వచ్చే చిక్కులన్నీ మాత్రం ఈ మూడింటి తేడాలోంచే వస్తాయి.

స్కోర్ వేరు, పార్ట్ వేరు

మన కీర్తనల పుస్తకం తీస్తే ఒకే వరసలో స్వరం, కింద సాహిత్యం ఉంటాయి. వయొలిన్ వాయించేవారైనా వీణ వాయించేవారైనా పాడేవారైనా చూసేది అదే పేజీ. బ్యాండ్ సంగీతం అలా ఉండదు. కండక్టర్ ముందు ఉండేది స్కోర్, అందులో అన్ని వాద్యాలూ ఒకదాని కింద ఒకటి వరసగా కనిపిస్తాయి. వాయించేవాళ్ళ ముందు ఉండేది పార్ట్, అందులో తన వాద్యం తప్ప ఇంకేమీ ఉండదు. మూడో క్లారినెట్ వాళ్ళకి మూడో క్లారినెట్ మాత్రమే తెలుస్తుంది. ముప్ఫై పార్టులున్న సెట్‌లో ఒక్కటి పోయినా ఆ స్వరాలు పోయినట్టే, పక్కవాళ్ళ కాగితం చూసి వాయించుకోవడం కుదరదు.

కుదరకపోవడానికి ఇంకో కారణం శ్రుతి. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పడమటి వాళ్ళ సి అంటే మన లెక్కలో ఒకటి శ్రుతి. మామూలు క్లారినెట్ బి ఫ్లాట్ వాద్యం, అంటే ఆరున్నర శ్రుతికి కట్టింది. దాని మీద సి అని రాసింది వాయిస్తే వినపడేది బి ఫ్లాట్. కాబట్టి బ్యాండ్ మొత్తం కలిసి ఒక్క సి స్వరం పలకాలంటే ఫ్లూట్ కాగితం మీద సి ఉంటుంది, బి ఫ్లాట్ క్లారినెట్ కాగితం మీద డి, చిన్న ఈ (E) ఫ్లాట్ క్లారినెట్ కాగితం మీద ఏ (A), ఎఫ్ హార్న్ కాగితం మీద జి. నాలుగు కాగితాలు, నాలుగు రకాల రాత, వినపడేది ఒక్కటే స్వరం. వాద్యగాళ్ళకి ఇది హాయి, వేళ్ళు పెట్టే పద్ధతి మార్చుకోకుండా ఒక సైజు క్లారినెట్ నుంచి ఇంకో సైజుకి మారిపోవచ్చు. కండక్టర్‌కీ, డెబ్బై ఏళ్ళ తర్వాత ఆ కట్ట విప్పి చూసేవాళ్ళకీ మాత్రం తలనొప్పి.

స్కోర్ ఉంటుందిలే అనుకోకండి. ఆ రోజుల్లో బ్యాండ్ సంగీతం అచ్చువేసేవాళ్ళు డబ్బు మిగుల్చుకోవడానికి పూర్తి స్కోర్ వేసేవాళ్ళే కాదు. రెండు మూడు వరసల్లోకి కుదించిన చిన్న స్కోర్ ఇచ్చి సరిపెట్టేవాళ్ళు, ఒక్కోసారి కార్నెట్ పార్ట్‌లోనే మిగతావాళ్ళు ఎక్కడ వస్తారో గుర్తులు పెట్టి దాన్నే కండక్టర్ చేతికిచ్చేవాళ్ళు. ఇంగ్లిష్ స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ 1909లో బ్యాండ్ కోసం రాసిన మొదటి స్వీట్‌నే (కొన్ని భాగాలు వరసగా వచ్చే రచన) తీసుకోండి, బ్యాండ్ల వాళ్ళకి అది దాదాపు పాఠ్యపుస్తకం. పార్టులు, కుదించిన స్కోర్ 1921లో అచ్చయ్యాయి. పూర్తి స్కోర్ అచ్చు 1948 దాకా రాలేదు, అదీ అమెరికా బ్యాండ్ల కోసం వాద్యాలు పెంచి వేశారు. హోల్స్ట్ తన రాతప్రతిలో చాలా వాద్యాలకి, మీ దగ్గర లేకపోతే వదిలేయండి అని వెసులుబాటు ఇచ్చాడు. ఆ సన్నపాటి రచన లావెక్కిపోయిందనీ, అసలు రాతకి దగ్గరగా తేవాలనీ కోలిన్ మాథ్యూస్ సవరించిన ప్రతి 1984లో వచ్చింది. అసలుదే వాయించాలనేవాళ్ళు ఒకవైపు, ఇవాళ మా బ్యాండ్‌లో అరవై మంది ఉన్నారు, సగం మందిని ఊరికే కూర్చోబెట్టమంటారా అనేవాళ్ళు ఇంకోవైపు. నాకైతే రెండోవాళ్ళ బాధ కూడా నిజమైనదే అనిపిస్తుంది. పైగా ఏమున్నా లేకపోయినా నడవాలని రాసిందే హోల్స్ట్.

హామర్‌స్మిత్: ఒకే రచన, నాలుగు మొదటిసార్లు

ఇప్పుడు అసలు కథ. బీబీసీ తన మిలిటరీ బ్యాండ్ కోసం ఒక కొత్త రచన కావాలని హోల్స్ట్‌ని అడిగింది. ఆయన ముందు 1928లో బాఖ్ రచన ఒకదాన్ని, జిగ్ అనే నాట్యం నడకలో సాగే ఫ్యూగ్‌ని (ఒకే బాణీని ఒకరి వెనక ఒకరు ఎత్తుకునే రచనని), బ్యాండ్‌కి తిరగరాసి ఇచ్చాడు. ఈ రకం బ్యాండ్‌కి రాయక చాలా ఏళ్ళయింది కాబట్టి చెయ్యి తిరగడానికి చేసిన అభ్యాసం అది అని చాలామంది అంటారు. 1930లో సొంత రచన ఇచ్చాడు, పేరు హామర్‌స్మిత్. లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఉండే పేట అది, ఆయన ఆ పేటలోని సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో 1905 నుంచి పాఠం చెబుతున్నాడు. మొదలవడమే విచిత్రంగా ఉంటుంది, కింద ట్యూబాలు, యూఫోనియం ఎఫ్ మైనర్‌లో నదిలా మెల్లగా కదులుతుంటే పైన హార్న్‌లు ఈ (E) మేజర్‌లో ఇంకేదో పాడుతుంటాయి. రెండూ ఒకదానికొకటి పొసగని శ్రుతులు, అయినా పక్కపక్కనే నడుస్తాయి. తర్వాత ఒక్కసారిగా బజారు రద్దీ వచ్చి పడుతుంది. మార్చ్‌లకి అలవాటుపడ్డ చెవులకి ఇది మామూలు సరుకు కాదు.

దీన్ని మొదట ఎప్పుడు వాయించారు అన్న ప్రశ్నకి నాలుగు జవాబులున్నాయి.

1931 ఏప్రిల్ 23న బీబీసీ బ్యాండ్ లండన్‌లో వాటర్లూ దగ్గర పాత గోదాములో ఉన్న పదో నంబర్ స్టూడియోలో దీన్ని వాయించింది. కానీ అది రిహార్సల్, శ్రోతలు లేరు. ఆ తర్వాత, ఎవరి కోసమైతే రాశారో ఆ బ్యాండ్ దీన్ని జనం ముందు వాయించనే లేదు. హోల్స్ట్ ఇదే రచనని ఆర్కెస్ట్రాకి మళ్ళీ రాశాడు, దాన్ని 1931 నవంబర్ 25న లండన్ క్వీన్స్ హాల్‌లో ఏడ్రియన్ బోల్ట్ నాయకత్వంలో బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. అంటే బ్యాండ్ కోసం పుట్టిన రచన ముందు ఆర్కెస్ట్రాగా జనంలోకి వచ్చింది. అసలు బ్యాండ్ రూపం 1932 ఏప్రిల్ 17న వాషింగ్టన్‌లో అమెరికా మెరీన్ బ్యాండ్ చేతిలో మోగింది. అప్పుడు హార్వర్డ్‌లో పాఠాలు చెప్పడానికి వెళ్ళిన హోల్స్ట్ స్వయంగా కండక్ట్ చేయాల్సింది, జబ్బు చేసి రాలేకపోయాడు, ఆ బ్యాండ్ నాయకుడు టేలర్ బ్రాన్సన్ నడిపాడు. తర్వాత 1934లో హోల్స్ట్ చనిపోయాడు, అచ్చు కాని ఆ బ్యాండ్ స్కోర్ మూలన పడింది.

1954 ఏప్రిల్ 14న పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ బ్యాండ్‌తో రాబర్ట్ కాంట్రిక్ దీన్ని బయటికి తీశాడు. చాలా ఏళ్ళు అందరూ అదే మొదటి ప్రదర్శన అనుకున్నారు, 1932 సంగతి తర్వాతి పరిశోధనలో బయటపడింది. 1956లో బూసీ అండ్ హాక్స్ వాళ్ళు అచ్చువేశారు.

బీబీసీ బ్యాండ్ ఎందుకు వాయించలేదు? మరీ కష్టంగా ఉండి వదిలేశారని కొందరంటారు. ఇది నాకు అంత నమ్మశక్యంగా లేదు, కాగితం చూడగానే వాయించే జీతగాళ్ళు వాళ్ళు, పైగా రిహార్సల్ జరిగిందాయె. 1930లో పెట్టిన సింఫనీ ఆర్కెస్ట్రా మీద అప్పుడు బీబీసీకి మోజు ఎక్కువ, హోల్స్ట్ లాంటి పేరున్నవాడి కొత్త రచన అక్కడికే పోవడం సహజం అని ఇంకొందరి వాదన. ఇదే దగ్గరగా ఉందనిపిస్తుంది. అయితే రెండు వాదనలూ పరిస్థితుల్ని బట్టి చేసే ఊహలే, ఇదీ కారణం అని రాసిపెట్టిన కాగితం చూపించి ఎవరూ చెప్పడం లేదు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. 1931లో రిహార్సల్ జరిగిందంటే స్కోరూ పార్టులూ అప్పటికే ఉన్నాయన్నమాట, ఏడాది తిరక్కుండా అవి సముద్రం దాటి వాషింగ్టన్‌లోనూ వాయించే స్థితిలో ఉన్నాయి. కాబట్టి ఈ రచన కాగితాలు కాలిపోయో తడిసిపోయో కనపడకుండా పోలేదు. వాయించేవాళ్ళు లేక, అచ్చు లేక, ఉందని తెలిసినవాళ్ళు తగ్గిపోయి మరుగున పడింది.

1943లో ఎందుకు ఆపేశారు

యుద్ధం మధ్యలో బ్యాండ్‌ని రద్దు చేశారు. దీన్ని సమర్థించేవాళ్ళ లెక్క తీసిపారేసేది కాదు. యుద్ధంలో దేశంలోని మంచి వాద్యగాళ్ళు చాలామంది యూనిఫాం వేసుకుని సైనిక బ్యాండ్లలో ఉన్నారు. రాయల్ ఎయిర్ ఫోర్స్ బ్యాండ్‌లో అయితే హార్న్ వాయించే డెనిస్ బ్రెయిన్ లాంటి ఆణిముత్యాలు చేరారు. వాళ్ళనే స్టూడియోకి పిలిచి వాయించుకోగలిగినప్పుడు సొంతంగా ఇంకో బ్యాండ్‌కి జీతాలెందుకు? అన్నట్టు ఎయిర్ ఫోర్స్‌కి అలాంటివాళ్ళని ఏరి తెచ్చి చేర్చింది ఎవరో కాదు, రుడాల్ఫ్ ఓడానల్. అన్న నడిపే బ్యాండ్ మూతపడుతున్నప్పుడు తమ్ముడి బ్యాండ్ ఒక వెలుగు వెలుగుతోంది.

ఎదుటివాదన ఏమిటంటే, సైనిక బ్యాండ్‌కి డ్యూటీలుంటాయి, కవాతులుంటాయి, దాని సంగీతం దాని అవసరాన్ని బట్టి ఉంటుంది. కొత్తది రాయించడం, ఎవరూ వాయించనివి వెతికి వాయించడం రేడియో బ్యాండే చేయగలదు, అలాంటిది లేకపోతే హామర్‌స్మిత్ పుట్టేదే కాదు. నిజమే, కానీ రాయించుకున్న హామర్‌స్మిత్‌ని ఆ బ్యాండే జనానికి వినిపించలేదు కదా, అంటే ఈ వాదన రెండువైపులా కోస్తుంది. ఆస్ట్రేలియాలో ఏబీసీ అనే రేడియో సంస్థ కూడా 1933లో ఇలాంటి బ్యాండే పెట్టింది, 1951లో ఆపేసింది. కాబట్టి యుద్ధం ఒక్కటే కారణం అనుకోవడానికి లేదు, సొంత ఆర్కెస్ట్రా ఉన్న రేడియో సంస్థకి మిలిటరీ బ్యాండ్ రెండో భార్యలాగే మిగిలింది.

కాగితం ఒకరిది, హక్కు ఇంకొకరిది

సరే, బ్యాండ్ పోయింది, కట్టలు మిగిలాయి. అల్మారాలో ఉన్న కాగితం బీబీసీదే అనుకుందాం. అంతమాత్రాన అందులోని సంగీతం బీబీసీది అయిపోదు. అద్దెకి తెచ్చింది పబ్లిషర్‌కి తిరిగి పోవాలి. కొన్న అచ్చు ప్రతిని దాచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, నకళ్ళు తీసి పంచాలంటే మాత్రం కాపీరైట్ చూడాలి. బ్రిటన్‌లో ఇప్పుడు రచయిత చనిపోయిన తర్వాత 70 ఏళ్ళు, ఆ క్యాలెండర్ ఏడాది చివరిదాకా, కాపీరైట్ నడుస్తుంది. మన దేశంలో 60 ఏళ్ళు. వాల్టన్ ఓడానల్ బతికుండగా అచ్చయిన సొంత రచనలకి 1939కి 70 కలిపితే బ్రిటన్‌లో 2009 ఆఖరుతో తీరిపోయింది, మన దగ్గర అప్పట్లో 50 ఏళ్ళ లెక్కే కాబట్టి 1989తోనే తీరిపోయింది.

తిరగరాతకి ఇంకో మెలిక ఉంది. బాఖ్ 1750లో పోయాడు, ఆయన స్వరాలు ఎవరైనా వాడుకోవచ్చు. కానీ హోల్స్ట్ బ్యాండ్‌కి మలిచిన బాఖ్ మీద హోల్స్ట్‌కి విడిగా హక్కుంది, అది బ్రిటన్‌లో 2004 చివరిదాకా నడిచింది. అమెరికాలో లెక్క పూర్తిగా వేరు, 1978కి ముందు అచ్చయిన చాలావాటికి అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్ళు.

అన్నిటికంటే పెద్ద చిక్కు చేతిరాత ప్రతులది. బ్రిటిష్ చట్టం ప్రకారం, 1969కి ముందు చనిపోయిన రచయిత బతికుండగా ఒక సంగీత రచన అచ్చు కాకుండా, జనం ముందు వాయించకుండా, రికార్డుగా అమ్మకానికి రాకుండా, రేడియోలో రాకుండా ఉండిపోయి, 1989 ఆగస్టు దాకా అదే పరిస్థితి ఉంటే దాని కాపీరైట్ 2039 చివరిదాకా ఉంటుంది. ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. 1950లో చనిపోయిన ఒక అరేంజర్ (వేరేవాటిని బ్యాండ్‌కి తిరగరాసేవాడు) బ్యాండ్ కోసం చేత్తో రెండు రచనలు రాశాడు, రెండూ ఎప్పుడూ అచ్చు కాలేదు. ఒకటి 1935లో రేడియోలో వచ్చింది, దాని కాపీరైట్ 2020తో అయిపోయింది. రెండోది రిహార్సల్‌తో ఆగిపోయింది, అది 2039 దాకా బందీ. ఒకే చేతిరాత, ఒకే అల్మారా, మధ్యలో పంతొమ్మిదేళ్ళ తేడా.

అందుకే పాత రేడియో కార్యక్రమాల పట్టికలు ఇక్కడ ఆధారాలవుతాయి. 1923 నుంచి రేడియో టైమ్స్ పత్రికలో అచ్చయిన కార్యక్రమాల్ని బీబీసీ ఆన్‌లైన్‌లో పెట్టింది, ఏ రోజు ఏ బ్యాండ్ అని వెతుక్కోవచ్చు. కాకపోతే అది ముందుగా అచ్చువేసిన పట్టిక, చివరి నిమిషంలో మార్చిన రచనలు అందులో కనపడవు, కాబట్టి పట్టికలో ఉంది అంటే వాయించినట్టే అని కళ్ళు మూసుకుని చెప్పలేం. బీబీసీ లోపలి రికార్డులు రెడింగ్ దగ్గర కావర్షంలోని లిఖిత పత్రాల ఆర్కైవ్‌లో ఉంటాయి, గట్టి ఆధారం కావాలనుకునే పరిశోధకులు అక్కడికి వెళ్ళాల్సిందే.

ఒక పార్ట్ పోతే ఏం చేస్తారు

హక్కుల గొడవ తీరిందనుకున్నా కట్ట విప్పితే అందులో ఒకటో రెండో పార్టులు ఉండవు. స్కోర్ కూడా లేకపోతే మిగిలిన పార్టులన్నిటినీ ఒకదాని కింద ఒకటి పేర్చి స్కోర్ కట్టుకుంటూ రావాలి. రెండో బసూన్ పోతే పెద్ద నష్టం ఉండకపోవచ్చు, చాలాచోట్ల అది యూఫోనియంతోనో ట్యూబాతోనో కలిసే నడుస్తుంది కాబట్టి అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. మూడో హార్న్ పోతే కష్టం. ఒక చోట మిగతా వాద్యాలన్నీ షడ్జమం, పంచమం మాత్రమే పలుకుతున్నాయనుకోండి, పోయిన హార్న్ గాంధారం పలికిందని ఊహించవచ్చు. కానీ ఏ గాంధారం? అంతర గాంధారమైతే మేజర్, సాధారణ గాంధారమైతే మైనర్, ఆ ఒక్క స్వరంతో ఆ చోటు రంగే మారిపోతుంది. ముందూ వెనకా ఉన్న బార్లు (తాళం లెక్కన గీతలు గీసి విడదీసిన గళ్ళు) చూసి నిర్ణయిస్తారు, హామర్‌స్మిత్ లాగా రెండు శ్రుతులు ఒకేసారి నడిచే రచన అయితే ఆ ఆధారం కూడా నమ్మకంగా ఉండదు.

ఇలా పూరించిన స్వరాల్ని అచ్చులో వేరే గుర్తుతో చూపించాలా వద్దా అన్నదాని మీద ఎడిటర్ల మధ్య పేచీ ఉంది. చూపించాలి, లేకపోతే మన ఊహ రచయిత మాటగా చెలామణీ అవుతుంది అని ఒక వర్గం. పార్ట్ నిండా బ్రాకెట్లు పెడితే వాయించేవాళ్ళు తికమకపడతారు, ఆ గుర్తులన్నీ స్కోర్‌లో పెట్టండి, పార్ట్ మాత్రం శుభ్రంగా ఇవ్వండి అని రెండో వర్గం. ఇప్పుడు చాలామంది రెండో దారే పడుతున్నారు. పాత పార్టుల మీద వాద్యగాళ్ళు పెన్సిల్‌తో రాసుకున్నవి, ఇక్కడ నాలుగు బార్లు వదిలెయ్, ఇక్కడ ఆగు లాంటివి, వాటినీ ఒకప్పుడు చెరిపేసి శుభ్రం చేసేవాళ్ళు. ఇప్పుడు చెరపకుండా స్కాన్ చేస్తున్నారు, ఎందుకంటే స్టూడియోలో ఎర్ర లైటు వెలిగాక నిజంగా ఏం మోగిందో చెప్పే సాక్ష్యం చాలా రచనలకి ఆ పెన్సిల్ గీతలే.